నెలకు ఒక్క ఆకు

నా చేతిలో ఇంతవరకు ఒక్క మొక్క కూడా చావలేదు. ఈ విషయంలో గౌలిపుర మొత్తంలో నాకు పోటీ లేదు. ఎవరింట్లోనైనా గులాబీ వాడిపోతే నేను దాని పక్కనుంచి ఒకసారి నడిచి వెళ్తే చాలు, సాయంత్రానికి మొగ్గ వేస్తుంది.

ఈ మాట నేను తౌఫీఖ్ భాయ్ రంగుచేపల దుకాణంలో కూర్చొని ఒక అమ్మాయితో అన్నాను. అప్పటికి నేను జీవితంలో ఒక్క మొక్క కూడా పెంచలేదు. కాబట్టి మొదటి వాక్యం నిజమే. అది ఎంతకాలం నిజంగా ఉందన్నదే ఈ కథ.

తౌఫీఖ్ భాయ్ సాయంత్రం అసర్ నమాజుకు వెళ్తూ దుకాణం నాకప్పగించాడు. "చేపల్ని ముట్టుకోకు, కస్టమర్లతోటి మాట్లాడకు," అన్నాడు. చేపల్ని ముట్టుకోలేదు.

బయట బోనాల తర్వాత పట్టిన ముసురు. లోపల మూడు గోడలకూ గాజు తొట్లు, వాటిలో నీలం వెలుతురు, గుడగుడమని పైకొచ్చే బుడగలు. అక్కడ కాసేపు కూర్చుంటే నీళ్లలో ఉన్నది చేపలా మనమా అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానంలో నేనుండగా ఆమె గొడుగు మడుస్తూ లోపలికొచ్చింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా.

మూలనున్న చిన్న తొట్టి ముందు వంగి, రాయిని పట్టుకుని ఉన్న ఒక బుల్లి మొక్కను చూసింది. తమలపాకును బొటనవేలి గోరంత చేస్తే ఎలా ఉంటుందో అలాంటి ఆకులు, ముదురు పచ్చగా, దళసరిగా.

"ఈ మొక్క ఏంది?"

తొట్టి మీద అతికించిన కాగితం చూసి చదివాను. "అనూబియాస్. నేనే పెంచిన."

"మీరు పెంచిన్రా?"

"మా ఇంట్ల అందరి చెయ్యి మంచిదే గని, నా చెయ్యి జర ఎక్కువ." గులాబీ సంగతి అప్పుడే చెప్పాను.

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "దీనికి ఏం వేస్తరు?"

"పాలు. మాది గౌలిపుర, పాలోళ్ల బస్తీ. పొద్దుగాల మొదటి పాలు దీనికే, తర్వాతనే ఇంట్ల చాయ్."

"చేపలు ఊకుంటయా మరి?"

"వాటికి పెరుగు."

"ఎన్నాళ్లకు ఒక ఆకేస్తది?"

"ఆకులు లెక్కవెట్టేంత టైమ్ ఇయ్యదు. మొన్న ఒకటి మూత నూకి బయటికొచ్చింది. ఫ్యాన్‌కు తగుల్తదని కోసేసినం."

ఆమె చాలా శ్రద్ధగా తల ఊపింది. అంత మంచి శ్రోత నాకు ఆ వారంలో దొరకలేదు. ఫ్యాన్ తర్వాత పైకప్పు గురించి చెప్పబోతుండగా తౌఫీఖ్ భాయ్ తిరిగొచ్చాడు.

"అరే మాన్యా, ఎప్పుడొచ్చినవమ్మా? కొత్త మొక్కలు తెచ్చినవా?"

ఆమె టిఫిన్ డబ్బా మూత తీసింది. తడి కాగితాల్లో చుట్టిన బుల్లి మొక్కలు. దుకాణంలో ఉన్న అనూబియాస్ మొత్తం ఆమె ఇంటి తొట్టిలో పెరిగినవే.

"ఈయన గూడ పెంచుతడంట భాయ్. పాలు పోసి," అంది.

తౌఫీఖ్ భాయ్ ముందు నన్ను చూశాడు. తర్వాత ఒక్కొక్క తొట్టినీ చూశాడు, ఎక్కడైనా నీళ్లు తెల్లబడ్డాయేమోనని.

*

మాన్య వాళ్లది సైదాబాద్. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రాస్తూ, మధ్యమధ్యలో మొక్కల్ని విడదీసి తౌఫీఖ్ భాయ్‌కి ఇస్తుండేది. నేను ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు డిజైన్ చేసే షాపులో పనిచేస్తాను. పాతబస్తీలో ఎవరి పెళ్లి ఎప్పుడో పెళ్లికొడుకు కన్నా ముందు నాకు తెలుస్తుంది.

ఆ రోజు తర్వాత తౌఫీఖ్ భాయ్ నమాజుకు వెళ్లినప్పుడల్లా దుకాణం చూసుకునే బాధ్యత నేనే తీసుకున్నాను. "నీకు వేరే పని లేదా మియా?" అనేవాడాయన. "ఉంది భాయ్, గని అది గూడ ఈడనే ఉంది," అనేవాణ్ని.

ఆమె వచ్చేది. తొట్టికి అటు ఆమె, ఇటు నేను. మధ్యలో నీళ్లు. ఒక నారింజ రంగు చేప ఆమె ఎడమ కంటి మీదుగా ఈదుతూ వెళ్లి కుడి కంటి దగ్గర ఆగేది. నీళ్లు ఊగినప్పుడు ఆమె నవ్వు సగం ఇక్కడ, సగం అక్కడ కనిపించేది. ఆ రెండు సగాలను కలిపి చూడడానికి నేను తొట్టి చుట్టూ తిరిగేవాణ్ని. నేను ఇటు తిరిగేసరికి ఆమె అటు వెళ్లేది.

నా అబద్ధాలకు ఆమె ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. ఇంకో ప్రశ్న అడిగేది, అంతే. ప్రశ్న అడిగితే నేను ఆగలేను. అది నా బలహీనత అని ఆమెకు తెలుసు.

వాళ్ల అక్క సుజన పెళ్లి కుదిరింది. కార్డు కోసం మాన్య మా షాపుకే వచ్చింది. డిజైన్ ఒప్పుకున్నాక, "లాడ్ బజార్ల గాజులు తీస్కోవాలె. తోడొస్తవా?" అని అడిగింది. అప్పటికి మీరు నుంచి నువ్వుకు దిగాం. నేను కంప్యూటర్ ఆఫ్ చెయ్యకుండానే లేచాను.

గాజులు కొనడం అయ్యేసరికి వాన అందుకుంది. ఒక దుకాణం రేకుల కింద నిలబడ్డాం. లోపల రాళ్లు పొదిగిన లక్కగాజులు వరసలు వరసలుగా, బయట తడి నేల మీద వాటి వెలుతురు ముక్కలు ముక్కలుగా. చినుకు పడ్డప్పుడల్లా ఎరుపూ పచ్చా కలిసిపోయి మళ్లీ విడిపోయేవి. మాన్య ఒక చెయ్యి చూరు కింద పెట్టి నీళ్లు పట్టుకుంటోంది. ఆ చేతికి ఒక్క గాజే ఉంది.

నేను చార్మినార్ గడియారం కథ చెప్పాను. దాన్ని ఒకప్పుడు మా తాత తన చేతివాచీ చూసి సరిచేసేవాడని, ఆయనకు జ్వరమొచ్చిన రోజు పాతబస్తీ మొత్తం అన్నం ఆలస్యంగా తిన్నదని. మాన్య నవ్వింది. తర్వాత మా నాయనమ్మ కట్టిన పూలదండను మోయడానికి ముగ్గురు మనుషులు కావాలని చెప్పాను. ఇంకా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపల, అదే గొంతుతో అనేశాను.

"నువ్వంటే నాకు ఇష్టం మాన్యా."

ఆమె ఇంతకు ముందు కన్నా గట్టిగా నవ్వింది. లోపల గాజులమ్మే ఆయన తల తిప్పి చూశాడు.

"ఇది మస్తుంది. గడియారం కన్నా బాగుంది," అంది. నవ్వుతూనే నా ముఖంలోకి చూసి, కొంచెం తగ్గింది. "జోకే గదా?"

చెప్పొచ్చు. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. ఆ నోట్లోంచి, "మరి?" అన్న మాట బయటికొచ్చింది. నేను కూడా నవ్వాను.

ఆమె చూరు నీళ్లలోంచి చెయ్యి తీసి చున్నీకి తుడుచుకుంది.

"నీతోటి ఇదే తక్లీఫ్ శ్రీపాదా," అంది. "నువ్వు మాట్లాడితే నవ్వొస్తది. నమ్మకం వస్తలేదు. ఏది నిజమో ఏది కాదో నాకు సమజైతలేదు. గందుకే ఇగ మాటలు అడగ. ఒక పని చెప్త."

సంచిలోని టిఫిన్ డబ్బాలోంచి ఒక మొక్క, ఒక ఎర్రటి రాయి, ఒక తెల్ల దారపు ఉండ తీసింది.

"నాకు బ్యాంకుల జాబ్ వచ్చింది. ట్రైనింగ్ పుణెల. దసరా అయినంకనే వస్త. పెద్ద ట్యాంక్ అమ్మ చూస్కుంటది. ఇది ఒక్కటి నీకు. దీన్ని చంపుడు కష్టం. గంత గట్టి మొక్క. నేనొచ్చేదాంక ఇది బతికుంటే, నీ మాట గూడ నమ్మొచ్చనుకుంట. లేకుంటే మనం గిట్లనే నవ్వుకుంట ఉందాం. అంతే."

తర్వాత దాన్ని ఎలా పెంచాలో చెప్పింది. చాలా వివరంగా, వేళ్లతో చూపిస్తూ చెప్పింది. నేను చూశాను కూడా. ఆమె చెవి జూకా కొసన ఒక చినుకు ఉంది. అది పడుతుందా, పడదా అని చూస్తున్నాను. రేకుల మీద వాన. "దుంప" అన్న మాట వినిపించింది. "ఎండ" అని వినిపించింది. "గట్టిగ" అని కూడా.

"సమజైందా?"

"మొత్తం."

చినుకు పడింది.

*

మాది గుడికి దండలు కట్టే ఇల్లు. అమ్మానాన్న పొద్దున్నే గుడికి వెళ్తారు. నాయనమ్మ రంగనాయకి ఇంట్లోనే కూర్చొని దండలు కడుతుంది. పెరట్లో నల్లా పక్కన నీడలో ఒక ఇత్తడి గిన్నె ఉంటుంది. అందులో దండలకు కావలసిన అరటి నార నానుతుంటుంది.

నేను ఒక గాజు తొట్టి తెచ్చి, గులకరాళ్లు నింపి, గుంట తీసి, మొక్కను లోతుగా పాతాను. పడిపోకుండా వేళ్లతో గట్టిగా నొక్కాను. గట్టిగా అన్న మాట గుర్తుంది మరి. ఎండ అన్న మాట కూడా గుర్తుంది కాబట్టి తొట్టిని డాబా మీద ఎండ బాగా తగిలేచోట పెట్టాను. బలానికి గుప్పెడు పశువుల ఎరువు కలిపాను. గౌలిపురలో ఉండి ఎరువు వెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారు? ఎర్ర రాయిని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. దారం నాయనమ్మకిచ్చాను.

నీళ్లు ముందు లేత చాయ్ రంగుకొచ్చాయి. తర్వాత డికాషన్. ఒక ఆకు పసుపుపచ్చగా మారి పైకి తేలింది. ఇంకొకటి చేత్తో పట్టుకుంటే చేతిలోనే కరిగిపోయింది. మొక్కను పైకి లాగితే లావు కాడ మెత్తబడి వాసనొస్తోంది. ఒక్క ఆకు మాత్రం ఎలాగో వేలాడుతోంది. పెరట్లోకి విసిరేశాను.

అలా నా చేతిలో ఒక మొక్క చచ్చిపోయింది. ఆ పక్కనుంచి నేను చాలాసార్లు నడిచాను కూడా. మొగ్గ వెయ్యలేదు.

తౌఫీఖ్ భాయ్ విషయమంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"పాతిపెట్టినవా?"

"మొక్కను పాతకపోతే ఏం చేస్తరు భాయ్?"

"మియా, అది మొక్క. గోరీల పెట్టనీకి మయ్యత్ గాదు."

ఒక అనూబియాస్‌ను బయటికి తీసి నా కళ్ల ముందు పెట్టాడు. "గీ అడ్డంగ పండుకున్న లావు కాడ చూడు. దుంప ఇదే. దీని జాన్ మొత్తం దీంట్లనే ఉంటది. దీని మీద మట్టి పడొద్దు, రాళ్లు పడొద్దు. ఊపిరాడక కుళ్లిపోతది. రాయి మీద కూసోవెట్టి దారంతోటి ఒదులుగ కట్టు. నూలు దారం. ఏర్లు అవ్వే మెల్లగ రాయిని పట్టుకుంటయ్. అవి పట్టుకునే టైంకు దారం కుళ్లి దానంతట అదే ఊడిపోతది. ఎండ నక్కో, నీడ చాలు. ఎండ తగిల్తే ఆకుల మీద నాచు పడ్తది. ఎరువు గిట్ల ఏం వద్దు. ఇదంత మాన్య చెప్పలే?"

"చెప్పింది. వాన పడుతుండె."

ఆయన నా వంక చూసిన చూపులో నాకు మంచి మార్కులేమీ పడలేదు.

"గిట్లాంటిదే ఇంకోటియ్యి భాయ్. అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయ్ గదా. ఆమెకు చెప్పకు."

"నేను చెప్ప," అన్నాడు నీళ్లు తుడుచుకుంటూ. "మొక్కనే చెప్తది."

*

కొత్త మొక్కను ఎర్ర రాయి మీద కూర్చోబెట్టి కట్టాను. నాయనమ్మ దగ్గర దారం వెనక్కి అడుక్కున్నాను. "పువ్వుకేస్తవే ముడి, గట్ల వెయ్యిరా. గొంతు బిగించకు," అంది ఆమె, ఎవరికి కడుతున్నానో చూడకుండానే. తొట్టిని ముందుగదిలో కిటికీకి దూరంగా పెట్టి, ఫొటో తీసి పుణె పంపాను.

చాలాసేపటికి జవాబొచ్చింది. "బాగుంది. ఇంకేమన్న చెప్పేదుందా?"

"ఏం లేదు."

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్.

"మొక్క ఎట్లుంది?"

"మస్తుంది. నాయనమ్మ సుప్రభాతం చదువుతుంటే కండ్లు తెరుస్తుంది."

"నిజం చెప్పు శ్రీపాదా. ఎట్లుంది?"

"నిజమే. నీ గురించి అడిగింది."

అటువైపు కొంచెం నిశ్శబ్దం. నేను నెట్‌వర్క్ అనుకునేవాణ్ని.

ఒకరోజు ఒక వీడియో పంపాను. తొట్టి ముందు నిలబడి, "మాన్య మనల్ని మర్చిపోయిందా?" అని మొక్కను అడిగాను. కదల్లేదు. "దసరా తర్వాత వస్తదా?" అన్నాను. మొక్క మెల్లగా తల ఊపింది. మాన్య దాన్ని హాస్టల్లో అందరికీ చూపించిందట. చాలాసేపు నవ్విందట. తర్వాత, "వీడియో బాగుంది. ఇంకేం లేదా చెప్పుడు?" అని రాసింది. లేదన్నాను.

ఇదంతా జరుగుతుండగా ఇంకొకటి కూడా జరిగింది. అది నేను ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు. నేను ఆ మొక్కను నిజంగా పెంచడం మొదలుపెట్టాను.

నీళ్లు కొంచెం తీసి కొంచెం పోసేవాణ్ని. ఆకు మీద సన్నటి నాచు కనిపిస్తే రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా తుడిచేవాణ్ని. షాపునుంచి వచ్చాక లైటు వేసుకోకుండా దాని ముందు కూర్చునేవాణ్ని. సాయంత్రపు వెలుతురు నీళ్లలోంచి వెళ్లి గోడ మీద పచ్చగా ఊగేది. ఆ ఊగే పచ్చదనంలో ఎక్కడో ఒక జూకా, దాని కొసన ఒక చినుకు. వంటింట్లోంచి నాయనమ్మ పిలిస్తే నీళ్ల అడుగునుంచి పిలిచినట్టుండేది.

ఆ మొక్క ఏమీ చెయ్యదు. నెలకు ఒక్క ఆకు వేస్తే గొప్ప. నాలాంటివాడికి దాని ముందు కూర్చోవడం శిక్ష కావాలి. కానీ అది ఏమీ చెయ్యకుండా ఉండడం కూడా నాకు నెమ్మదిగా అలవాటైంది.

ఒక సాయంత్రం లావు కాడ చివర ఒక లేత మొన కనిపించింది. కిళ్లీ చుట్టినట్టు చుట్టుకొని ఉంది. అది విప్పుకోవడానికి ఎన్ని రోజులు పట్టిందో, అన్ని రోజులూ నేను షాపునుంచి నేరుగా ఇంటికొచ్చాను. పూర్తిగా విప్పుకున్నాక చూస్తే మిగతా ఆకుల కన్నా లేత రంగు, అంచు కొంచెం ఒంపు. ఫొటో తీసి పంపాను. కింద ఒకటే రాశాను. "ఆకు వేసింది."

"చూసిన," అని వచ్చింది. కాసేపటికి, "నువ్వు రాసినట్టు లేదు ఈ మెసేజ్," అని ఇంకొకటి.

అప్పుడు చెప్పేయాల్సింది. ఫోన్ చేతిలోనే ఉంది. చెబితే, ఆమె వచ్చేసరికి బతికి ఉండాల్సిన మొక్క బతికి లేదని చెప్పినట్టే కదా. అప్పుడిక నవ్వుకుంటూ ఉండటమే. అంతే.

ఫోన్ బోర్లా పెట్టేశాను.

*

దసరా అయ్యాక మాన్య వచ్చింది. సైదాబాద్‌లో సంచి పెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకొని నేరుగా మా ఇంటికే. సన్నగా జల్లు పడుతోంది. చున్నీ అంచు తడిసి ఉంది. నాయనమ్మ కనకాంబరాల రాశి ముందు కూర్చొని దండ కడుతోంది.

"నమస్తే అమ్మమ్మా."

"రా బిడ్డా, కూసో. నీ గురించేనా వీడు ఆ గాజు డబ్బాతోటి ముచ్చట్లు పెట్టేది?"

"నాయనమ్మా, చాయ్ పెట్టరాదు," అన్నాను.

మాన్య తొట్టి ముందు కూర్చుంది. చెయ్యి ముంచి రాయిని పైకి తీసింది. ఎర్ర రాయి మీద మొక్క, నీళ్లు కారుతూ. మెల్లగా అటూ ఇటూ ఊపింది. మొక్క కదల్లేదు.

"దారమేది?"

"కుళ్లిపోయి ఊడిపోయింది. ఏర్లు పట్టుకున్నయ్."

"ఎవరు కట్టిన్రు?"

"నేనే."

వేలితో లేత ఆకును తాకింది. "మంచిగ చూస్కున్నవ్." నా గుండె ఎక్కడో బుడగలా పైకి తేలింది. "శ్రీపాదా, ఇది నేనిచ్చిన మొక్కనేనా?"

ఆమె నా వంక చూడలేదు. ఆకునే చూస్తూ అడిగింది. గొంతులో ఏ గట్టిదనమూ లేదు.

"మరి? నీదే. చూడు, నిన్ను గుర్తువట్టి..."

అప్పుడు పెరటి తలుపు దగ్గర ఇత్తడి గిన్నె చప్పుడైంది. నాయనమ్మ చాయ్ పెట్టలేదు. రెండు చేతులతో గిన్నె పట్టుకొని నార కొసలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"బిడ్డా, మొక్కలు నీకు ఎరికంట గదా. ఇదేందో చెప్పు. వీడు పెరట్ల పారేసిండు. కాడ ఇంక పచ్చగుందని మెత్తగున్నకాడ గిల్లేసి నార గిన్నెల వేసిన. చావలే. కొత్త ఆకు గూడ వేసింది."

నారల మధ్య ఒక బుల్లి మొక్క. ఒక పాత ఆకు, ఒక కొత్త ఆకు. పాత ఆకు మధ్యలో గుండ్రటి రంధ్రం.

నా తలలో అబద్ధాలు వరసగా లేచి నిలబడ్డాయి. పిల్లి తెచ్చిందని. తౌఫీఖ్ భాయ్ పంపాడని. అది దీని చెల్లెలని. ఒక్కొక్కటీ ముందుకొచ్చి, మాన్య ముఖం చూసి, వెనక్కి వెళ్లిపోయింది.

"పాతిపెట్టిన," అన్నాను. "గులకరాళ్ల లోపలికి, గట్టిగ నొక్కి. డాబా మీద ఎండల పెట్టిన. పశువుల ఎరువేసిన. కుళ్లిపోయింది. చచ్చిందనుకొని పారేసిన. ఇది తౌఫీఖ్ భాయ్ దుకాణంల తెచ్చింది. ఆ రోజు నువ్వు చెప్పింది ఒక్క ముక్క వినలే."

"తెలుసు," అంది మాన్య.

"తెలుసా?"

"నేనిచ్చినదానికి ఒక ఆకును నత్త కొరికింది. బొక్క ఉండె. నువ్వు పంపిన మొదటి ఫొటోల ఆకులన్ని సక్కగున్నయ్." రాయిని తొట్టిలో మెల్లగా దించింది. "నువ్వు మొక్క మొఖమే చూడలే ఆ రోజు."

"మరి అడగలే?"

"రోజు అడిగిన గదా." ఇప్పుడు నా వంక చూసింది. "ఎట్లుంది అని నేను మొక్క గురించే అడిగిననా? పుణెల మెట్ల మీద కూసొని, ఇయ్యాల చెప్తడు, ఇయ్యాల చెప్తడు అని చూసిన. చచ్చిపోయింది మాన్యా అంటే ఏమంటుంటి నేను? ఇంకోటి ఇస్తుంటి. మొక్కకేంది, మస్తున్నయ్."

నాయనమ్మ గిన్నె కింద పెట్టి, ఏమీ తెలియనట్టు దండ ముందు కూర్చుంది. కానీ ఆమె వేళ్లు కదలడం లేదు.

మాన్య గిన్నెలోని మొక్కను తీసి టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేసింది. లేచింది. గుమ్మం దగ్గర గొడుగు తీసుకుంది. విప్పకుండా ఆగింది.

"లాడ్ బజార్ల ఒక మాటన్నవ్. జోకే గదా అంటే, మరి అన్నవ్." గొడుగు పిడిని చూస్తోంది. "ఇప్పుడు గూడ మరి అనే అన్నవ్, నాదే అని."

బయట జల్లు రేకుల మీద పడుతోంది. ఈసారి నేను వాన వినలేదు.

"మరి అన్నప్పుడల్ల అబద్ధమే చెప్పిన," అన్నాను. "లాడ్ బజార్ల గూడ. దాని ముందు చెప్పింది జోక్ గాదు."

ఇంకా ఏదో అనాలని చూశాను. మామూలుగా ఇలాంటి చోట నాకు చార్మినార్ నుంచి చంద్రుడి దాకా మాటలు దొరుకుతాయి. ఒక్కటీ రాలేదు. అక్కడే నిలబడ్డాను. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

ఆమె నన్ను చూసింది. తొట్టి అడ్డం లేకుండా, చేప అడ్డం లేకుండా, నవ్వు రెండు సగాలుగా విడిపోకుండా. నిజానికి నవ్వు లేదు. వెతుకుతున్నట్టు చూసింది. ఎంతసేపో చెప్పలేను, చెబితే మళ్లీ పెంచి చెప్పినట్టవుతుంది.

గొడుగును మళ్లీ గోడకు ఆనించింది.

"ఇంకో రాయి ఉందా?"

పెరట్లోంచి ఒకటి కడిగి తెచ్చాను. నాయనమ్మ అడక్కుండానే దారపు ఉండ మా వైపు దొర్లించి, "ఇగ చాయ్ పెడ్త," అంటూ లోపలికి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఆమె నడక ఇంతకు ముందు కన్నా చాలా చురుగ్గా ఉంది.

మాన్య డబ్బా మూత తీసి, రంధ్రమున్న ఆకు మొక్కను రాయి మీద పెట్టి పట్టుకుంది. "కట్టు. ఈసారి నేను చూస్త."

కట్టాను. దారం జారింది. మళ్లీ చుట్టాను.

"గంత గట్టిగొద్దు."

"ఊడిపోతదేమో."

"పోదు," అంది. మొదటి ముడి జారకుండా దాని మీద వేలు పెట్టింది. రెండో ముడి నేను ఆ వేలి పక్కనే వేశాను. వేలు తియ్యడానికి ఆమె తొందరపడలేదు.

రెండు రాళ్లనూ తొట్టిలో పక్కపక్కన పెట్టాం. గోడ మీద పచ్చటి వెలుతురు ఊగి ఊగి నెమ్మదించింది. లోపల చాయ్ మరుగుతున్న వాసన.

"శ్రీపాదా."

"ఊఁ."

"ఆ వీడియోల మొక్క తల ఊపింది గదా. దసరా తర్వాత వస్తదా అంటే. హాస్టల్ల అందరు నీళ్లల గాలిపంపు పెట్టిండు అన్నరు. నేను కాదన్న. నిజం చెప్పు, అదెట్ల?"

నేను వంటింటి వైపు చూశాను. కిటికీ వైపు చూశాను. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు.

"మోకాలితోటి టేబుల్ ఊపిన," అన్నాను. "ముందు రోజు ప్రాక్టీస్ గూడ చేసిన."